మేలు ఎరిగిన వ్యాపారం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వర్తక పారిశ్రామిక వర్గాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వర్తక సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు, మండీ యజమానులకు, మాస్టర్ వీవర్లకు, కర్మాగారాల యాజమాన్యాలకు,



"సరుకు కొన్నాం, సొమ్ము ఇస్తాం, ఇక ఎవరు ఎవరికి రుణపడినట్టు?" అనే ప్రశ్న ఈ ప్రాంతపు వ్యాపారంలో ఒక సహజ న్యాయంలా చలామణి అవుతున్నది. ఆ సొమ్ము ఈ వారమే ఇవ్వాలా, రెండు నెలలు ఆగి ఇవ్వాలా అన్నది కొన్నవారి వీలునుబట్టి తేలవలసిన విషయమన్న ధోరణి దానికి తోడయింది. ఏడాదికొకసారి సంఘ వార్షికోత్సవంలో ఒక రైతుకో, ఒక నేత కార్మికునికో, తల నెరసిన గుమాస్తాకో శాలువా కప్పి జ్ఞాపిక అందిస్తే కృతజ్ఞత అనే ధర్మం నెరవేరినట్టేనన్న నమ్మకం ఈ రెండింటినీ కప్పిపుచ్చుతున్నది. రొళ్ల నుండి మీ పేర వస్తున్న ఈ లేఖ ఈ మూడు భావాలనూ అంగీకరించడం లేదు. ఎందుకు అంగీకరించడం లేదో, మీ బాధ్యత ఎక్కడ మొదలవుతుందో, అందులో ప్రజలకున్న ప్రమేయమేమిటో మీ ముందుంచడమే దీని ఉద్దేశం. ఇది ఏ ఒక్క దుకాణంపైనో, ఏ ఒక్క సంస్థపైనో ఫిర్యాదు కాదు. అందరూ కలిసి మామూలుగా మార్చుకున్న ఒక అలవాటుపై అభ్యంతరం.

మొదట మాట సంగతి తేల్చుకోవడం అవసరం. కృతజ్ఞత అనే పదంలో "కృతము" అంటే చేయబడినది, "జ్ఞ" అంటే తెలిసినవాడు. తనకోసం ఇతరులు చేసినదాన్ని తెలుసుకొని, ఆ తెలివిని మరవకుండా నిలుపుకోవడమే కృతజ్ఞత. దీనికి ఎదురుగా నిలిచే కృతఘ్నతలో "ఘ్న" అనే భాగానికి చంపేవాడని అర్థం. జరిగిన మేలును జరగనట్టు చేయడమే ఆ దోషం. ఈ లెక్కన కృతజ్ఞత ముందు ఒక ఎరుక, ఆ తరువాతనే ఒక మర్యాద. తనకు అందినది ఎవరి చేతులమీదుగా వచ్చిందో తెలియనివాడు ఎంత వినయంగా చేతులు జోడించినా కృతజ్ఞుడు కాలేడు. పల్లె తెలుగులో "థాంక్యూ"కు సరితూగే నిత్యవ్యవహారపు మాట లేదని కొందరు చిన్నబుచ్చుతారు. అయితే మేలు పొందిన పెద్దలు "నీ కడుపు చల్లగుండ" అని దీవించడం, తమ పొలంలో పని చేసినవారికి మళ్లీ వారి పొలంలో పని చేసి బదులు తీర్చడం ఈ సీమలో తరతరాల వాడుక. పనికి పనితోనే బదులు తీర్చే ఈ పద్ధతిని ముయ్యి అంటారు. రొళ్ల వంటి కర్ణాటక సరిహద్దు మండలంలో తెలుగు మాట్లాడే ఇల్లైనా, కన్నడం మాట్లాడే ఇల్లైనా ముయ్యి అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. మాటతో తీరేది మర్యాద మాత్రమేనని, చేతతో, అదీ సకాలంలో చేసిన చేతతో తీరేదే రుణమని ఆ ఒక్క పదం నేర్పుతుంది. మీ రశీదుల అడుగున అచ్చయ్యే ధన్యవాదాలు ఈ రెండింటిలో దేని కిందికి వస్తాయి?

హిందూపురం వర్తకులారా, మీ పట్టణానికి చింతపండు మార్కెట్టుగా పేరున్నది. యార్డులో సరుకును కరిపులి, ఫ్లవర్ అని రకాలుగా విడదీసి, రకాన్నిబట్టి ధర కడతారు. ఆ ధర పలకడానికి పట్టే సమయం కొన్ని క్షణాలు. ఆ సరుకు అక్కడికి చేరడానికి పట్టిన కాలం ఎంతో ఒకసారి వెనక్కి లెక్కపెట్టడం న్యాయం. చింతచెట్టు నాటినవారు దాని నిండు కాపు చూడడం అరుదు. నేటి రైతు తాత నాటిన చెట్టునో, తండ్రి నిలిపిన చెట్టునో ఆధారం చేసుకొని బ్రతుకుతున్నాడు. కాయ ముదిరిన తరువాత చెట్టెక్కి కొమ్మలు దులిపే మనిషి నేలకు ఎన్నో అడుగుల ఎత్తున ఏ తాడూ ఏ బీమా లేకుండా నిలబడతాడు. రాలిన కాయను ఎండబెట్టి, పెంకు ఒలిచి, గింజ కొట్టి, ఈనెలు తీసే పని దాదాపు పూర్తిగా ఆడవారిది. ఉదయం నుండి పొద్దు వాలేదాకా కాళ్లు ముడుచుకొని కూర్చొని, రాతిమీద కాయను నిలిపి చిన్న దెబ్బతో పండు నలగకుండా గింజ మాత్రం ఊడేటట్టు కొట్టడం నేర్పుతో కూడిన పని. ఆ పులుపుకు వేళ్ల చర్మం పగిలి, గోళ్లు నల్లబారి, సీజను ముగిసిన తరువాత కూడా చాలా రోజులు చేతులు మామూలు రంగుకు రావు. మీరు ఫ్లవర్ అనీ కరిపులి అనీ పిలిచే నాణ్యత ఆ చేతుల నాణ్యతే కదా? ధర కట్టేటప్పుడు పండును విప్పి చూసే మీ కన్ను ఆ చేతులను ఎన్నడైనా చూసిందా?

ఈ ప్రశ్న భావావేశంతో అడిగినది కాదు, లెక్కకు సంబంధించినది. సరుకు తూకం వేసిన తరువాత హమాలీ, కాటా కూలి, కమీషన్, తరుగు అనే పేర్లతో రైతు పట్టీలో కోతలు పడుతూ వస్తాయి. వాటిలో ధర్మాదాయం అనే పాత కోత ఒకటి ప్రత్యేకంగా ఆలోచించదగినది. ధర్మాదాయం అంటే గుడికో, సత్రానికో, గోశాలకో ఇస్తామని చెప్పి అమ్మకందారు రాబడినుండి వర్తకుడు మినహాయించుకొనే మొత్తం. భారతదేశ వ్యవసాయంపై నియమితమైన రాయల్ కమిషన్ 1928లో ఇచ్చిన నివేదికలో మార్కెట్లలో రైతు అనుమతి లేకుండా పడే ఇటువంటి కోతలను తప్పుపట్టి, నియంత్రిత మార్కెట్లను సిఫారసు చేసింది. ఈ ప్రాంతం అప్పట్లో ఉన్న అనంతపురం జిల్లాతో కూడిన మద్రాసు ప్రెసిడెన్సీలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి మార్కెట్ల చట్టం కింద మార్కెట్ కమిటీలు ఏర్పడ్డాయి. శతాబ్దానికి చేరువవుతున్న ఈ చట్టాల చరిత్ర సారాంశం ఒక్కటే: ఇతరుల సొమ్ముతో చేసిన దానం దాత ఖాతాలో పడకూడదు. ఏ పేరుతోనైనా, ఏ మూలనైనా అటువంటి కోత నేటికీ మిగిలివుంటే, ఆ సొమ్ముతో కట్టిన మంటపంమీద చెక్కవలసిన పేరు ఎవరిది? చింతకాయ కొట్టిన ఆడమనిషి పేరా, పట్టీ వ్రాసిన దుకాణం పేరా?

రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ, మడకశిర మండలాలలో మల్బరీ తోటలున్న ఇళ్లకు కాలం ఎంత కఠినమైనదో మీలో పట్టుగూళ్ల వ్యాపారంతో సంబంధమున్నవారికి చెప్పనవసరం లేదు. పట్టుపురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి ఐదు దశలు దాటుతుంది. కుబుసం విడిచే ఆ విరామాన్నే రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు, తన జీవితమంతటిలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఆ చివరి దశలోనే తింటుంది. ఆ వారంలో ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర ఉండదు. అర్ధరాత్రి కూడా ఆకు వేయాలి, పడక శుభ్రం చేయాలి, గాలి, వేడి, తేమ చూసుకోవాలి. పురుగు చంద్రిక అనే చట్రంమీదికెక్కి గూడు కట్టిన తరువాత దాన్ని కొద్ది రోజులలోనే మార్కెట్టుకు చేర్చి అమ్ముకోవాలి. ఆలస్యమైతే లోపలి పురుగు చిలుకై గూటిని తొలుచుకొని బయటికి వస్తుంది, తొలిచిన గూటినుండి తెగని దారం రాదు. అంటే గూళ్లు పట్టుకొని హిందూపురం వచ్చిన రైతుకు "రేపు చూద్దాం" అనే స్వేచ్ఛ లేదు. ఆ స్వేచ్ఛ పూర్తిగా కొనేవారి చేతిలోనే ఉన్నది. ఆగలేనివాడి సరుకును కొని, చెల్లింపు దగ్గర అతన్నే ఆగమనడం ఏ నీతి కిందికి వస్తుంది? ఆగగలిగిన బలం ఉన్నవారు ఆగలేనివారి కాలాన్ని గౌరవించడమే వ్యాపారంలో కృతజ్ఞతకు తొలి రూపం కాదా?

ఇక్కడ చట్టం కొంత మార్గం వేసింది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం నమోదైన సూక్ష్మ లేదా చిన్న ఉత్పత్తిదారుని దగ్గర సరుకు కొన్నవారు, వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఆ గడువు ఎంత పెట్టుకున్నా 45 రోజులు మించకుండా, సొమ్ము చెల్లించాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పెరుగుతుంది. ఈ గడువులు దాటిన బాకీలను నిజంగా చెల్లించేదాకా ఖర్చు కింద చూపుకోరాదన్న ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. సకాలంలో చెల్లించడాన్ని ఇంత గట్టిగా చట్టంలో వ్రాయవలసి వచ్చిందంటే, వ్రాయకుండానే జరగవలసినది ఎంతకాలంగా జరగడం లేదో ఊహించవచ్చు. అయితే గూళ్లు పెంచే రైతు, చింతపండు తెచ్చే రైతు ఆ చట్టం చెప్పే సంస్థల కిందికి రారు. చెట్టు దులిపే మనిషి, గింజ కొట్టే ఆడమనిషి అసలే రారు. చట్టపు చేయి చేరని ఆ చోటే కృతజ్ఞతకు నిజమైన పరీక్ష. 1759లో వెలువడిన నీతిశాస్త్ర గ్రంథంలో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ న్యాయాన్ని బలవంతంగానైనా రాబట్టవచ్చునని, కృతజ్ఞతను మాత్రం బలవంతంతో రాబట్టలేమని ఒక భేదం చూపాడు. బలవంతం లేనిచోట మీరు ఏమి చేస్తారన్నదానిమీదనే మీ సంఘాల గౌరవం నిలుస్తుంది.

ధర్మవరం పెద్దలారా, మీ పట్టణపు పేరు చీర అంచుమీదనే ఊరూరా తిరుగుతున్నది. ఆ పేరు తెచ్చినవారి లెక్క ఎక్కడున్నది? మాస్టర్ వీవర్ అంటే పట్టు, జరీ పెట్టుబడి పెట్టి, నేసినందుకు మజూరి ఇచ్చి చీరలు తయారు చేయించుకొనే వ్యాపారి. ఆయన పుస్తకంలో చీరకు ఒక మజూరి, ఒక మనిషి పేరు ఉంటాయి. కాని మగ్గం గుంతలో కూర్చున్నవాడు ఒక్కడే ఆ చీర నేయడు. పట్టు ఉడికించి రంగు అద్దేవారు, పడుగు సాచేవారు, పాత పడుగు చివరలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి వేలకొద్దీ అతికేవారు, జాకార్డుకు అట్టలు కొట్టేవారు వేరువేరుగా ఉంటారు. ఇంటి మూలన రాట్నం ముందు కూర్చొని కండెలకు పేక దారం చుట్టే ఇల్లాలి పని, బడినుండి వచ్చాక ఆమెకు చేయందించే కూతురి పని మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండవు. కండె ఖాళీ అయిన ప్రతిసారీ మగ్గం ఆగుతుంది. ఆమె చేయి ఆగితే చీర ఆగుతుంది. అయినా మజూరి ఒక్కరి పేరనే పడుతుంది. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలోని చేనేత, అనుబంధ కార్మికులలో సుమారు 72 శాతం ఆడవారు. దేశమంతటి లెక్క ఇలా ఉండగా, మజూరి పట్టికలో వారి పేర్లు కనబడకపోవడాన్ని కృతజ్ఞతాలోపం అనక మరేమనాలి? స్వదేశీ ఉద్యమం 1905 ఆగస్టు 7న మొదలైనందుకు గుర్తుగా 2015 నుండి ఏటా ఆ రోజున జాతీయ చేనేత దినోత్సవం జరుగుతున్నది. ఆ ఒక్క రోజు పూలదండ వేసి, మిగిలిన 364 రోజులు మజూరి బాకీ పెడితే ఆ దండ ఎవరి మెడలో పడినట్టు?

పెనుకొండ పరిసరాలలోని పరిశ్రమల యాజమాన్యాలకు ఈ విషయం మరొక కోణంలో వర్తిస్తుంది. ఎర్రమంచి దగ్గర 2019 డిసెంబరులో ప్రారంభమైన కియా కార్ల కర్మాగారం తరువాత ఈ సీమ ముఖచిత్రం మారింది. వందల ఎకరాల మెట్టనేల పరిశ్రమల నేలగా మారింది. ఆ పరిశ్రమలకు నీరందించే గొల్లపల్లి జలాశయానికి హంద్రీ-నీవా కాలువ నీరు వస్తుంది; హంద్రీ-నీవా నీటికి మూలం శ్రీశైలం జలాశయం; ఆ జలాశయం నిండేటప్పుడు 1980ల తొలి ఏళ్లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఈనాడు పెనుకొండలో కుళాయి తిప్పి చేతులు కడుక్కొనే ప్రతి సంస్థ, ఇల్లూ గుడీ మునగడం చూసి తరలిపోయిన ఆ కుటుంబాలకు పరోక్షంగా రుణపడివున్నది. కృతజ్ఞత అంటే ఎరుక అన్నందుకు ఇంతకంటే తేటతెల్లమైన ఉదాహరణ అవసరం లేదు. ఈ గొలుసు తెలిసినవారు చుక్క నీటిని కూడా వృథా చేయరు, ఊరి బోరు ఎండిపోయేటట్టు తమ బోరు దించరు. కంపెనీల చట్టం, 2013 లోని 135వ సెక్షన్ నిర్ణీత పరిమాణం దాటిన సంస్థలు గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్నది. ఆ 2 శాతాన్ని దయగా చూపుకొనే ముందు, మిగిలిన 98 శాతం ఎవరి నీటిమీద, ఎవరి నేలమీద, ఎవరి చెమటమీద వచ్చిందో చెప్పవలసిన బాధ్యత లేదా?

ఉద్యోగి విషయంలో ఈ బాధ్యతకు చట్టం పెట్టిన పేరే సాక్ష్యం. గ్రాట్యుటీ అనే మాట, కృతజ్ఞతకు ఇంగ్లీషులో వాడే మాట, రెండూ ఒకే లాటిన్ మూలంనుండి పుట్టాయి. దాని అర్థం సంతోషపెట్టేది, మెప్పు పొందినది. దీర్ఘకాలం సేవ చేసిన ఉద్యోగికి యజమాని తన ఇష్టంతో ఇచ్చే కానుకగా మొదలైన ఈ చెల్లింపు, 1972 నాటి చట్టంతో హక్కుగా మారింది. పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలో వరుసగా ఐదేళ్లు పనిచేసినవారికి, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం చొప్పున లెక్కకట్టి ఇవ్వాలన్నది ఆ చట్టం పెట్టిన నియమం. ఐదేళ్లు నిండకముందే మనిషిని మార్చి, కాంట్రాక్టరు పేరు మార్చి, అదే గేటు లోపల అదే యంత్రం ముందు అదే కార్మికుణ్ణి కొత్తవాడిగా నమోదు చేసే పద్ధతి ఎక్కడ కనిపించినా, అది ఖర్చు ఆదా అనే పేరుతో సాగే కృతఘ్నతే. జరిగిన సేవను జరగనట్టు చేయడమే ఆ మాటకు అర్థమని ఈ లేఖ మొదటనే చెప్పింది. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అన్న సామెత పుట్టిన భాషలో వ్యాపారం చేసేవారికి ఇంతకంటే వివరణ కావాలా?

ఈ వాదానికి మీ వైపునుండి ఒక గట్టి సమాధానం ఉన్నదని ఈ లేఖకు తెలుసు. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. చెన్నై, బెంగళూరు కొనుగోలుదారులు మీకూ ఆలస్యంగానే చెల్లిస్తారు, బ్యాంకు వడ్డీ ఆగదు, పవర్‌లూమ్‌పై నేసిన నకిలీ చీర ధర్మవరం పేరుతోనే పోటీకి వస్తుంది, ఒక మండీ ఉదారంగా ఉంటే పక్క మండీ ధర విరిచి బేరం లాక్కుంటుంది. ఇవన్నీ నిజమే. అయితే ఆలస్యమనే ఈ బరువు పైనుండి కిందికి దొర్లుతూ చివరకు ఎవరిమీద ఆగుతున్నది? నష్టాన్ని మోయగలిగే శక్తి గొలుసులో అందరికంటే తక్కువగా ఉన్నవారిమీదనే కదా? మీకు వడ్డీ శాతాలలో కనిపించే ఆలస్యం, గింజ కొట్టే ఇంటికి పిల్లల ఫీజుగా, మందుల చీటీగా, చేబదులుకు కట్టే వడ్డీగా కనిపిస్తుంది. ఒక్కరే మారితే నష్టపోతామన్న భయం నిజమైనదే కనుకనే ఈ లేఖ ఒక్కొక్క వ్యాపారిని కాక సంఘాలను ఉద్దేశించింది. పోటీదారులందరూ ఒకేసారి కట్టుబడే నియమాన్ని పెట్టగలిగినది సంఘం మాత్రమే. సెలవు రోజులను, కమీషన్ రేట్లను కలిసి తీర్మానించగలిగిన సంఘాలకు చెల్లింపు గడువును కలిసి తీర్మానించడం ఎందుకు అసాధ్యమవుతుంది?

మరొక హెచ్చరిక కూడా అవసరం. కృతజ్ఞతను పని రాబట్టుకొనే ఉపాయంగా వాడుకోవాలని చెప్పే ధోరణి ఈ మధ్య వ్యాపార శిక్షణలలో బలపడింది. పరిశోధకులు ఆడమ్ గ్రాంట్, ఫ్రాంచెస్కా గినో 2010లో ప్రచురించిన అధ్యయనంలో విరాళాలు సేకరించే ఉద్యోగులకు అధికారి స్వయంగా వచ్చి కృతజ్ఞతలు చెప్పగా, మరుసటి వారంలో వారు చేసిన ఫోన్ కాల్స్ సగానికి పైగా పెరిగాయి. ఆ మనుషులు తమ పనికి విలువ ఉన్నదని గుర్తించినందుకే అలా స్పందించారని ఆ అధ్యయనం చెప్పింది. మాట చెప్పి కూలి ఎగ్గొట్టవచ్చునని అది చెప్పలేదు. బాకీ ఉన్న మజూరిమీద చిరునవ్వు పెట్టి పంపితే, అదే మనిషి రెండోసారి ఆ నవ్వును నమ్ముతాడా?

అంతకంటే పాత ప్రమాదం, కృతజ్ఞతను కింది నుండి పైకి పన్నులా వసూలు చేయడం. విజయనగర కాలంనుండి ఈ సీమలో ఉన్న ఆయగాండ్ల వ్యవస్థలో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి వంటి పన్నెండు వృత్తులవారికి కళ్లంలోనే ధాన్యపు వాటా కొలిచి ఇచ్చేవారు; ఆ వాటాను మేర అనేవారు. పంట ఇల్లు చేరకముందే పనివాడి వాటా తీసి పెట్టడమనే నియమంలో గొప్ప ఎరుక ఉన్నది. కాని అదే వ్యవస్థ కులాన్నిబట్టి మనిషిని ఒక వృత్తికి కట్టివేసి, పొందిన గుప్పెడు గింజలకు తరతరాల వంగివంగి నమస్కారాలను బదులుగా కోరింది. ఆ రెండో భాగాన్ని కృతజ్ఞత అనకూడదు. రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న మాట్లాడుతూ డాక్టర్ అంబేద్కర్, దేశానికి సేవ చేసినవారిపట్ల కృతజ్ఞత తప్పు కాదని, దానికి హద్దులున్నాయని, ఆత్మగౌరవాన్ని పణంగా పెట్టే కృతజ్ఞత ఉండరాదని ఐర్లండ్ నాయకుడు డేనియల్ ఓకానెల్ మాట ఆధారంగా హెచ్చరించారు. "మా ఉప్పు తిన్నాడు" అని పనివాడిని దెప్పే యజమాని ఒక్క విషయం మరచిపోతున్నాడు: ఆ ఉప్పుకు డబ్బు పనివాడి చెమటనుండే వచ్చింది. కృతజ్ఞత బలవంతుని నుండి బలహీనుని వైపు నడవాలి. తిరుగు దిశలో అడిగి తీసుకొనేది విధేయత మాత్రమే.

అడగకుండా వచ్చే కృతజ్ఞత ఎలా ఉంటుందో ఈ జిల్లా చరిత్ర చూపింది. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టిన దత్తమండలాలకు థామస్ మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. పన్ను భారం ఎక్కువని తెలుసుకొని నాలుగో వంతు తగ్గించాలని ఆయన పై అధికారులకు సిఫారసు చేశాడు. ఈ సీమ పల్లెలలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కాలం ఒకటున్నది. ఆ పేర్లు ఏ ఉత్తర్వుతోనూ రాలేదు, ఏ శాలువాకూ బదులుగా రాలేదు. పరాయి పాలకుడైనా లెక్క సరిచూడడానికి ప్రయత్నించినందుకు వచ్చాయి. లెక్క సరిచేసిన వ్యాపారి పేరు కూడా అలాగే నిలుస్తుందని నమ్మడానికి ఇంతకంటే ఏ ఆధారం కావాలి?

కనుక ఈ లేఖ మీ ముందు ఉంచే కోరికలు కొన్నే, అన్నీ మీ చేతిలో ఉన్నవే. రైతుకు ఇచ్చే ప్రతి పట్టీమీద ధరతోపాటు చెల్లింపు తేదీ వ్రాయండి, ఆ తేదీ దాటితే వడ్డీ ఇస్తామని సంఘం తరఫున తీర్మానించండి. ధర్మం పేరుతో అమ్మకందారు సొమ్మునుండి పైసా మినహాయించవద్దు. దానం మీ లాభంనుండి చేయండి. చీర మజూరి పుస్తకంలో కండె చుట్టినవారి పేరునూ వారి కూలినీ ఒక వేరు గడిలో వ్రాయండి. కాంట్రాక్టు మారినా సేవాకాలం తెగకుండా కార్మికుల పాత సంవత్సరాలను లెక్కలో కొనసాగించండి. ఈ నాలుగింటిలో ఏదీ కొత్త పెట్టుబడి అడగదు. తీసుకున్నదాన్ని తీసుకున్నట్టు ఒప్పుకోవడం మాత్రమే అడుగుతుంది. ప్రజలకు ఇందులో ఉన్న ప్రమేయం కూడా చిన్నది కాదు: మజూరి అందని మగ్గం మూతబడితే ధర్మవరం పేరు మూతబడుతుంది, గిట్టుబాటు కాని మల్బరీ తోట పీకేస్తే హిందూపురం మార్కెట్టుకు గూళ్లు రావు, రొళ్ల యువకుడు పని వెదుక్కుంటూ బెంగళూరు బస్సెక్కితే చెట్టెక్కి కొమ్మ దులిపే మనిషి దొరకడు.

విజయదశమి ముందు ఆయుధపూజ నాడు మీ దుకాణాలలో త్రాసుకు, లెక్కల పుస్తకానికి, కర్మాగారంలో యంత్రానికి, ఇంట్లో మగ్గానికి పసుపు కుంకుమలు పెట్టి నమస్కరిస్తారు. అన్నం పెట్టిన పనిముట్టుకు సైతం కృతజ్ఞత చెప్పే ఆ సంప్రదాయం ఎంతో లోతైనది, కాపాడుకోదగినది. ఈ ఏడు ఆ పూజకు ముందు రోజు ఒక పని చేయవలసిందిగా ఈ లేఖ కోరుతున్నది. పూజకు పెట్టబోయే ఆ పుస్తకాన్ని తెరచి, బాకీ ఉన్న పేర్లను ఒక్కొక్కటిగా చదివి, ఆ రాత్రిలోగా వారి సొమ్ము వారికి చేర్చండి. ఆ తరువాత పుస్తకంమీద పెట్టే కుంకుమబొట్టు కింద ఎవరి బాకీ కూడా మిగలకూడదు.

ఇట్లు,
రొళ్ల, శ్రీ సత్యసాయి జిల్లా నుండి,
ఉత్పత్తిదారుల, శ్రమజీవుల హితం కోరి